పుచ్చుకోని తిట్లు

జూన్ 2

తమ్ముడూ,

నీ నాలుగు పేజీల ఉత్తరం చేరింది. పొద్దున్నే పెదనాన్నకి ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, మందులు మింగించి, కిందికి వెళ్లి షాపు షట్టరెత్తి, ఒకాయన ప్యాంటుకి జిప్పు వేసి, మళ్లీ మెట్లెక్కి మంచం కింది బెడ్‌పాన్ తీసి, చేతులు కడుక్కుని అప్పుడు చదివాను.

ఎవరైనా బహుమతి తెస్తే మనం పుచ్చుకోకపోతే అది తెచ్చినవాళ్ల దగ్గరే ఉండిపోతుందనీ, తిట్టు కూడా అంతేననీ బుద్ధుడు చెప్పాడని రాశావు. బాగుంది. ఆయన్ని నేనేమీ అనను. కానీ ఆయన్ని తిట్టినవాడు తిట్టేసి వెళ్లిపోయి ఉంటాడు. నన్ను తిట్టే మనిషి తుంటి ఎముక విరిగి, మూడు నెలలుగా నా ముందు గదిలోనే పడుకుని ఉన్నాడు. నేను పుచ్చుకోకపోతే ఆ తిట్టు మళ్లీ తిప్పి, ఇంకాస్త పెద్దది చేసి పంపిస్తాడు.

నిన్న ఏమన్నాడో తెలుసా? "బ్రేకు మీద కాలు తియ్యకుండానే బతుకంతా లాగించేశావే నువ్వు." ముప్పై ఏళ్లు ఊరందరికీ డ్రైవింగు నేర్పిన మనిషి కదా, తిట్లన్నీ బండి భాషలోనే వస్తాయి. నేను కింద కుట్టు మెషీను మీద ఉన్నంతసేపూ ఊరుకుంటాడు. కాస్త ఆపి టీ తాగుదామనుకునేసరికి కర్రతో నేల మీద టకటకా కొడతాడు. పైకి పరిగెత్తితే ఏమీ అక్కర్లేదు. "ఏం చేస్తున్నావో కనుక్కుందామని" అంటాడు. రోజుకి పదిహేను సార్లు.

నాన్న పోయాక మనిద్దర్నీ పెంచింది ఆయనేనని నువ్వు గుర్తు చెయ్యనక్కర్లేదు. అది గుర్తుండబట్టే కర్ర ఇంకా ఆయన చేతిలో ఉంది.

ఇంకో సంగతి. ఫోనులో మాట తొందరపడుతుందని, ఆలోచించి మాట్లాడటం అలవాటు కావాలని ఉత్తరాలు మొదలుపెట్టానన్నావు. నాకు ఆలోచించే తీరిక లేదు, కాబట్టి సూటిగా అడుగుతున్నాను. రెండు వారాలు నువ్వొచ్చి పుచ్చుకోకుండా కూర్చో. నేను మీ ఇంటికెళ్లి పడుకుంటాను.

తీరిక లేని
అక్క

జూన్ 6

అక్కా,

నీ కోపాన్ని నేను కోపంగా తీసుకోలేదు. అందులో అలసట ఉంది. దాన్ని చూడగలిగాను.

వస్తాను. 13న పొద్దునకల్లా అక్కడ ఉంటాను. సెలవు గురించి నువ్వేం దిగులు పడకు, ఆఫీసులో నాకు చాలా మిగిలే ఉంది. పన్నెండేళ్లు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చున్నవాడికి పెదనాన్న తిట్లు పెద్ద లెక్కలోవి కావు.

ఇల్లు చిన్నదే, నీకు సరిపోతుంది. వంటగది గట్టు మీద చీమలుంటాయి, దయచేసి చంపొద్దు. మందు కొట్టొద్దు. అవీ బతకడానికే వస్తాయి. కిటికీ పక్కన గుండ్రటి దిండు ఉంటుంది, కావాలంటే పొద్దున్నే ఇరవై నిమిషాలు దాని మీద కూర్చుని ఊపిరి వచ్చేదీ పోయేదీ చూడు. ఆదివారం ధ్యానం హాల్లో అందరం కూర్చుంటాం, చిరునామా తలుపు వెనక అంటించాను. ధ్యానం నేర్పే పెద్దావిడ రిటైరైన నర్సు. నీకు నచ్చుతుంది.

నీ మేలు కోరే
తమ్ముడు

జూన్ 16

అక్కా,

నాలుగో రోజు. నువ్వు రాసినంత కష్టంగా ఏమీ లేదని చెబితే నీకు కోపమొస్తుంది. అయినా నిజమే చెప్పాలి కదా.

బెడ్‌పాన్ తీయడం మొదటి రోజు కష్టమనిపించింది. అసహ్యం ఎక్కడ పుడుతోందో గమనించాను, గొంతులో. కాసేపటికి పోయింది. పెదనాన్న నన్ను ఇప్పటికి పదకొండుసార్లు గాడిద అన్నారు. దువ్వెన సరిగ్గా పట్టుకోలేదని ఒకసారి, దిండు ఎత్తు ఎక్కువైందని ఒకసారి, ఏమీ మాట్లాడకుండా నవ్వుతున్నానని తొమ్మిదిసార్లు. ఒక్కటీ పుచ్చుకోలేదు. "వీడేమిటి, న్యూట్రల్లో పెట్టిన బండిలా" అన్నారు. అదీ పుచ్చుకోలేదు.

షాపులో నువ్వు పేర్లు రాసి మడిచిపెట్టిన బట్టలు ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తున్నాను. నిన్న ఒకావిడ నీలం కోటు కోసం వచ్చింది. కోటు ఎక్కడా కనబడలేదు. చివరికి బల్ల కింది సంచిలో దొరికింది, ఇంకా ముట్టుకోనే లేదు. "అయిపోవచ్చిందని మీ అక్క చెప్పిందే" అంది. బుద్ధుడు చెప్పిన సరైన మాట అంటే ముందు నిజమైన మాట కదా. "లేదండీ, ఇంకా మొదలే పెట్టలేదు, భుజాలు విప్పినా ఇది మీకు పట్టదేమో" అన్నాను. కోటు తీసుకుని వెళ్లిపోయింది. నీ నెత్తి మీద బరువు ఒకటి తగ్గింది.

నువ్వు హాయిగా ఉన్నావని తలుస్తూ,
తమ్ముడు

జూన్ 19

తమ్ముడూ,

ఆ కోటావిడ నాకు తొమ్మిదేళ్ల ఖాతాదారు. వాళ్ల వీధి వీధంతా ఆవిడ చెబితేనే నా దగ్గరికొస్తారు. మొదలుపెట్టలేదన్నది నిజమే. ఒక రాత్రి కూర్చుంటే పూర్తయ్యేదన్నదీ నిజమే. "భుజాలు విప్పినా పట్టదు" అన్నది మాత్రం నీ తెలివితక్కువ. భుజాల్లో ఎంత గుడ్డ లోపలికి మడిచి ఉందో నీకేం తెలుసు? నిజం చెప్పాలంటే ముందు అది తెలియాలి కదా నాయనా. ఆవిడకి వేరే ఉత్తరం రాశాను. నీ మూలంగా ఉత్తరాలు రాయడం నాకూ పట్టుకుంది.

మీ ఇంటి సంగతి. చీమలు గట్టు మీద కాదు, చక్కెర డబ్బాలో సంసారాలు పెట్టాయి. చంపలేదు, భయపడకు. డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టాను. ఆ మాత్రం ఆలోచన నీకు ఇన్నాళ్లూ రాలేదంటే, ఆ దిండు మీద కూర్చుని దేని గురించి ఆలోచిస్తున్నట్టు? ఆలోచించకూడదు అంటావేమో.

కానీ అసలు అడగాల్సింది వేరే ఉంది. కాలింగ్ బెల్లు వైరు కత్తిరించి ఉంది. నీ ఫోను బీరువాలో, స్వెట్టరులో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో ఉంది. గోడ గడియారం బోర్లించి ఉంది. ఆఫీసుకి వేసుకునే చొక్కాలన్నీ మడత నలగకుండా అలాగే ఉన్నాయి, వాటి మీద దుమ్ము పట్టింది. రెండు గిన్నెలు, ఒక గ్లాసు. మంచం కూడా లేదు, చాప.

ఒరేయ్, నువ్వు సన్యాసం పుచ్చుకుంటున్నావా? అందుకే రెండు వారాలు సెలవు పెట్టి, చివరిసారిగా మా ముఖాలు చూసుకుందామని వచ్చావా? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకున్న తమ్ముడివి నువ్వొక్కడివే. గుండు చేయించుకుని తిరుగుతుంటే నేను చూడలేను. పెదనాన్న ముందు ఈ ప్రస్తావన తేవద్దు, మంచం దిగి వచ్చి కొడతాడు.

అక్క

జూన్ 22

అక్కా,

సన్యాసమా? నీకు ప్రతిదీ వేళాకోళమే. మనిషి తన ఇంట్లో రెండు గిన్నెలు పెట్టుకుంటే సన్యాసమా? నా బీరువా ఎందుకు తెరిచావు?

క్షమించు. పై వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. ఉంచేశాను, ఎందుకంటే నిన్న చేసిన దాని ముందు అవి ఎంతో మెత్తగా ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం పెదనాన్న కర్రతో కొట్టడం మొదలుపెట్టారు. వెళ్లాను. ఏమీ అక్కర్లేదన్నారు. దిగాను. మళ్లీ టకటక. వెళ్లాను. కిటికీ తలుపు వెయ్యమన్నారు, వేశాను. తియ్యమన్నారు, తీశాను. దిగాను. మళ్లీ టకటక. అలా ఎనిమిదిసార్లు. ఆ చప్పుడు నా పుర్రెలోనే మోగుతున్నట్టుంది. పాలు పట్టుకెళ్లాను. ఒక గుక్క తాగి దుప్పటి మీద ఉమ్మేసి, "చల్లారిపోయాయి. పాలు వెచ్చబెట్టడం చేతకానివాడివి ఆఫీసులో ఏం ఊడబొడుస్తున్నావు" అన్నారు.

కర్ర లాక్కున్నాను. కిటికీ చట్రానికేసి కొట్టాను, రెండు ముక్కలైంది. "చిన్నప్పట్నుంచీ మీ అరుపులు విని విని నాకు అరవడం తప్ప ఏమీ రాలేదు. మీరు నేర్పిందల్లా ఇదే" అని అరిచాను. వీధిలో ఎవరో ఆగి పైకి చూశారు.

ఆయన గోడవైపు తిరిగారు. తుంటి ఎముక విరిగిన మనిషి అటు తిరగడం ఎంత కష్టమో నీకు తెలుసు. అప్పట్నుంచీ మాట్లాడటం లేదు, తినడం లేదు. మందులు మాత్రం నోరు తెరిచి వేయించుకుంటున్నారు. అది ఇంకా ఘోరంగా ఉంది.

నేను నీకు నాలుగు పేజీలు రాసినవాణ్ణి.

తమ్ముడు

జూన్ 23

తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఇక ఆగలేక రాస్తున్నాను.

మీ ఆఫీసు నుంచి పక్క కౌంటరాయన వచ్చాడు. తలుపు కొట్టి కొట్టి, బెల్లు పనిచెయ్యదని తెలిసినట్టు, కిటికీలోంచి పిలిచాడు. చేతిలో కవరుంది. జూలై 1న విచారణ అట. దేనికి విచారణ అంటే నా వంక విచిత్రంగా చూసి, "మీకు చెప్పలేదా" అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి మొత్తం చెప్పించుకున్నాను.

మార్చిలోనే నిన్ను పనిలోంచి పక్కన పెట్టారని ఆయన చెబితే తెలిసింది. పసిపిల్లల్ని పగలంతా చూసుకునే ఒకావిడ, కుళాయిలో నీళ్లు రాక పదకొండు రోజులైందని నీ కౌంటరు ముందు నిలబడింది. నీ బల్ల మీద ఫోను ఆగకుండా మోగుతోంది. "ఫోను ఎత్తనిదీ మీరే, ఎదురుగా వస్తే విననిదీ మీరే" అంది. నువ్వు ఫోను పెరికి విసిరావు. అడ్డం ఉన్న అద్దం పగిలి ఆవిడ కనుబొమ్మ చీరుకుపోయింది. మూడు కుట్లు.

ఇప్పుడర్థమైంది బిస్కెట్ల డబ్బా.

నీ మీద ఎంత కోపంగా ఉందంటే ఈ కలం రెండుసార్లు కాగితంలోకి దిగిపోయింది. సన్యాసమని భయపడి మూడు రోజులు నిద్రపోలేదు నేను. మూడు నెలలు నాకు ఒక్క ముక్క చెప్పకుండా, "సెలవు చాలా మిగిలే ఉంది" అని రాస్తావా? నా ఖాతాదారుకి మాత్రం నిజం చెప్పకుండా ఉండలేకపోయావు. పరాయివాళ్ల కోట్ల గురించి చెప్పే నిజం నీ గురించి ఎందుకు చెప్పలేదు?

తిట్లు పుచ్చుకోవద్దని నాకు రాసిన ఆ నాలుగు పేజీలూ నాకు కాదు కదా? నీకు నువ్వు రాసుకుని నా చిరునామాకి పంపావు.

ఆదివారం ఆ హాలుకి వెళ్లాను. గంటసేపు కూర్చుంటే కాళ్లు మొద్దుబారాయి, ఊపిరి మాత్రం వచ్చిపోతూనే ఉంది, అందులో చూడ్డానికేముందో నాకు అంతుపట్టలేదు. అయిపోయాక పెద్దావిడ దగ్గరికెళ్లి, "అమ్మా, మా తమ్ముణ్ణి ఫోను మానేసి ఉత్తరాలు రాసుకోమని మీరే చెప్పారా" అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఉత్తరాల సంగతి నాకు తెలియదు. మొదటి రోజే ఆ కుట్లు పడ్డావిడ దగ్గరికి వెళ్లి రమ్మన్నాను. ఇంకా వెళ్లలేదా?"

వెళ్లలేదని నాకు తెలుసు. నీ ముఖం నాకు తెలుసు.

"వారం వారం వచ్చి కదలకుండా కూర్చుంటాడు" అంది ఆవిడ. "బాగా కూర్చుంటాడు. నడవమన్న చోటికి మాత్రం నడవడు."

ఎందుకు వెళ్లలేదో రాయి. సిద్ధాంతాలు వద్దు.

అక్క

జూన్ 26

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాదీ నీకు చేరే ఉంటుంది. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లాయి.

నువ్వు రాసిందంతా నిజం. ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే, విచారణకి ముందు వెళితే ఉద్యోగం కోసం కాళ్లబేరానికి వచ్చాడనుకుంటుందని. నా మనసు శుభ్రమయ్యాక వెళ్దామనుకున్నాను. మూడు నెలలు శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాను. అసలు కారణం అది కాదు. ఆవిడ నన్ను చూసి భయపడుతుందేమోనని నా భయం. తిడితే పరవాలేదు. నన్ను చూడగానే వెనక్కి జరిగితే?

పెదనాన్న సంగతి చెప్పాలి. మూడు రోజులు మాట్లాడలేదు. మొన్న రాత్రి భోజనం పళ్లెం పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏ ఉపదేశమూ గుర్తు రాలేదు. "పెదనాన్నా, కర్ర విరగ్గొట్టడం తప్పు. అలా అరవడం తప్పు. మీరు నేర్పింది అదొక్కటే అనడం అబద్ధం" అన్నాను. గోడవైపు చూస్తూనే, "కర్ర పాతదేలే" అన్నారు.

అప్పుడు అడిగాను. ఇన్నాళ్లూ నువ్వూ నేనూ అడగనిది. "అన్నిసార్లు ఎందుకు కొడతారు? ఏమీ అక్కర్లేనప్పుడు?"

ఏం చెప్పారో విను. కింద మెషీను చప్పుడు వినబడుతున్నంతసేపూ నువ్వున్నావని తెలుస్తుందట. అది ఆగితే ఇంట్లో ఎవరూ లేరనిపిస్తుందట. పడిపోయిన రోజు స్నానాల గదిలో నాలుగు గంటలు అలాగే పడి ఉన్నారు కదా, నువ్వు గుడ్డలు కొనడానికి వెళ్లావు. "పిలిచాను. పిలిచీ పిలిచీ గొంతు పోయింది. నా గొంతు నాకే పరాయిగా వినబడింది" అన్నారు. మెషీను ఆగితే ఆ నాలుగు గంటలూ మళ్లీ మొదలైనట్టుంటుందట. నేనున్న రోజుల్లో మెషీను అసలు నడవనే లేదు. అందుకే అన్నిసార్లు కొట్టారు. నేనది మొండితనమనుకున్నాను.

మరి తిట్లెందుకు అని అడిగాను. "భయమేస్తోందని చెబుతారా ఎవరైనా?" అన్నారు.

అక్కా, నేను పన్నెండేళ్లు కౌంటర్లో కూర్చున్నాను. నా ముందు అరిచినవాళ్లలో ఎంతమంది భయపడి అరిచారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తిట్టు పుచ్చుకోకూడదని మాత్రం నేర్చుకున్నాను. అందులో ఏముందో విప్పి చూడలేదు.

28న నువ్వు రాగానే బయల్దేరతాను. కొత్త కర్ర కొని మంచం పక్కన పెట్టాను.

తమ్ముడు

జూలై 5

తమ్ముడూ,

28న గుమ్మంలో అయిదు నిమిషాలు ఎదురెదురుగా నిలబడి ఒకళ్లనొకళ్లం "తిన్నావా" అని తప్ప ఏమీ అడగలేదు. మనం ఉత్తరాల్లోనే బాగా పోట్లాడతాం.

పెదనాన్నతో మాట్లాడాను. "మెషీను ఆగితే మీకు భయమేస్తుందని వాడు రాశాడు" అన్నాను. "నాకా? వాడికి చెవుడు. నేనన్నది వేరు" అన్నాడు. సరే పోనీ అని వదిలేశాను. కానీ నాలుగు రోజులుగా మెషీను ఆపే ముందు మెట్ల దగ్గరికెళ్లి, "పెదనాన్నా, టీ తాగుతున్నాను, ఇక్కడే ఉన్నాను" అని అరుస్తున్నాను. మొదటి రోజు "ఎవరడిగారు" అన్నాడు. రెండో రోజు ఏమీ అనలేదు. నిన్న కర్ర మూడుసార్లే మోగింది, అందులో రెండుసార్లు నిజంగానే అవసరముంది. మూడోసారి వెళితే క్లచ్చు మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. అదంతా పుచ్చుకోవాల్సి వచ్చింది.

నాకు దీనంతటి మీదా విసుగ్గా ఉంది, నిజం చెబుతున్నాను. ఒక మాట అడిగి ఉంటే మూడు నెలల మెట్లు తప్పేవి. నేనెందుకు అడగలేదు? పని ఎక్కువై. నువ్వెందుకు అడగలేదు? శాంతి ఎక్కువై.

విచారణలో నిన్ను కౌంటరు నుంచి తీసేసి, వీధుల్లో తిరిగి మీటర్లు చూసే పనిలో వేశారని నీ కార్డు చెప్పింది. ఉద్యోగం నిలబడింది, సంతోషం. ఇప్పుడు కాళ్లబేరమని ఎవరూ అనుకోరు. ఆ సాకు పోయింది. ఇంకో సాకు వెతుక్కునే లోపల వెళ్లు. వెళ్లకుండా నాకు ఉత్తరం రాయకు, విప్పను.

అక్క

జూలై 12

అక్కా,

విప్పు. వెళ్లాను.

శనివారం పొద్దున. ఆవిడది వీధి చివరి ఇల్లు, గేటు లోపల చిన్నచిన్న చెప్పులు వరసగా. తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. నేను అనుకున్నట్టే ఒక్క అడుగు వెనక్కి వేసి, వెనకనున్న పిల్లకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి నేను చచ్చేదాకా మర్చిపోను. కనుబొమ్మ మీద గీత ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవలేదు.

గుమ్మం కిందే నిలబడి చెప్పాను. "నేను చేసింది తప్పు. మీరన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం లేదు. మూడు నెలలు ఆలస్యంగా వచ్చాను, అదీ తప్పే." ఇంటి దగ్గర పెద్ద వాక్యాలు కట్టుకుని వెళ్లాను, అక్కడ అవేవీ రాలేదు.

ఆవిడ క్షమించానని అనలేదు. పిల్లని లోపలికి పంపేసి, "నీళ్లు ఇంకా సరిగ్గా రావడం లేదు, తెలుసా మీకు?" అంది.

నాకు తెలియదు. అద్దం పగిలిన రోజు ఆవిడ ఫిర్యాదు కాగితం ఆ గొడవలో ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్నుంచీ రోజుకి గంటసేపు సన్నటి ధార. ఎనిమిది మంది పిల్లలు. ఆవిడే తెల్లవారకముందే లేచి వీధి మొదట్లోని పంపు నుంచి బిందెలు మోసుకొస్తోంది. ఆఫీసుకి మళ్లీ రావడానికి భయమేసిందట.

సోమవారం ఆవిడతో కలిసి ఆఫీసుకి వెళ్లాను. లోపలి తలుపు నుంచి కాదు, బయట వరసలో. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఇటువైపు నుంచి ఆ కౌంటరు నేనెప్పుడూ చూడలేదు. అద్దం కొత్తది వేశారు, దాని కన్నం నా ఛాతీ ఎత్తులో ఉంది, మాట్లాడాలంటే నడుం వంచాలి. ఆవిడ నాకంటే పొట్టి, ఆవిడకి సరిపోతుందనుకున్నాను. ఆవిడకీ వంగాల్సి వచ్చింది. పక్క కౌంటరాయన నన్ను చూసి "నువ్వేంటి ఇక్కడ" అన్నాడు. "ఫిర్యాదు" అన్నాను.

మంగళవారం గొట్టాల పనివాళ్లతో నేనే వెళ్లాను. రోడ్డు తవ్వి పూడ్చినప్పుడు వీధి మూలన వాల్వు సగం మూసేసి, పైన మట్టి కప్పేశారు. దాన్ని కనిపెట్టడానికి మధ్యాహ్నమైంది. తిప్పడానికి రెండు నిమిషాలు. మూడు నెలలకి రెండు నిమిషాలు, అక్కా. నాకు ఎవరి మీద కోపమొచ్చిందో చెప్పలేను, కానీ చాలా వచ్చింది, అది ఇంకా పోలేదు.

లోపలికెళ్లి కుళాయి తిప్పింది ఆవిడ. ముందు గాలి, తర్వాత ఎర్రటి నీళ్లు, తర్వాత మంచివి. పిల్లలు బాల్చీ చుట్టూ చేరి చేతులు పెట్టేశారు. వాళ్లని అదిలిస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఇకమీదట మీరు ఏ కౌంటర్లో ఉంటారు?"

"కౌంటర్లో ఉండనండీ. మీటర్లు చూస్తూ వీధుల్లో తిరుగుతాను."

"మా వీధికి?"

"ఇంకా చెప్పలేదండీ."

కుళాయి కట్టేసి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. "మా వీధి అడిగి వేయించుకోండి" అంది. "మళ్లీ ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో నాకు తెలిసుంటుంది."

ఈ పొద్దున అడిగాను. వేశారు.

తమ్ముడు